ఆకలి రోజుల్లో బడి గోడలకు ఎక్కిన బొమ్మలు: శాన్‌ఫ్రాన్సిస్కో జార్జ్ వాషింగ్టన్ హైస్కూల్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో 1930లలో ఉద్యోగాలు పోయినవాళ్ళకి ప్రభుత్వం పని చూపించింది. ఆ పనుల్లో చాలా భాగం బడుల్లోనే జరిగింది. శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఒక హైస్కూల్లో గోడ బొమ్మల రూపంలో ఆ కాలపు పని ఇప్పటికీ కళ్ళ ముందు ఉంది. దాన్ని చెరిపేయాలా, ఉంచాలా అని ఊరంతా మూడేళ్ళు వాదించుకుంది. బే ఏరియాలో ఉన్న మన తెలుగు కుటుంబాల నుంచి, చరిత్ర చదివే పిల్లల నుంచి ఎక్కువగా వచ్చే ప్రశ్నలు, వాటికి జవాబులు ఇవి.

ఈ బడి ఎక్కడుంది? ఎప్పుడు మొదలైంది?

శాన్‌ఫ్రాన్సిస్కో నగరానికి పడమటి వైపున రిచ్‌మండ్ అనే పేట ఉంది. ఆ పేటలో మెరక మీద ఉంది ఈ బడి. 1936 ఆగస్టు 4న తలుపులు తెరిచారు. అక్కడి నుంచి చూస్తే గోల్డెన్ గేట్ వంతెన కనిపిస్తుంది. అయితే మొదటి బ్యాచ్ పిల్లలు చూసింది ఇంకా పూర్తికాని వంతెనని. అది 1937 మే నెలలో గాని తెరుచుకోలేదు. క్లాసులో కూర్చుని, కిటికీలోంచి వంతెన కడుతుండగా చూసిన పిల్లలు వాళ్ళు.

భవనాన్ని డిజైన్ చేసింది టిమోథీ ఫ్లూగర్. శాన్‌ఫ్రాన్సిస్కోలో క్యాస్ట్రో థియేటర్, ఓక్లాండ్‌లో పారమౌంట్ థియేటర్ ఆయన చేతి పనే. ఆడిటోరియం, జిమ్, స్టేడియం 1940లో తోడయ్యాయి. అదే ఏడాది నవంబరులో బడిని లాంఛనంగా అంకితం చేశారు. రచయిత్రి మాయా ఏంజెలో ఇక్కడ చదువుకుంది. గాయకుడు జానీ మాథిస్, నటుడు డానీ గ్లోవర్ కూడా ఇక్కడి విద్యార్థులే.

మహా మాంద్యం వస్తే బడులకు ఏమైంది? అది బ్యాంకుల గొడవ కదా?

బ్యాంకుల దగ్గర మొదలై ఊళ్ళోకి వచ్చింది. 1929 చివర షేర్ మార్కెట్ కూలింది. 1933 నాటికి పనిచేయగల నలుగురిలో ఒకరికి పని లేదు. అమెరికాలో బడులు నడిచేది ఎక్కువగా స్థానిక ఆస్తి పన్ను మీద. ఇంటి వాయిదాలే కట్టలేనివాళ్ళు పన్నెక్కడ కడతారు? పన్ను రాకపోతే టీచరుకి జీతం లేదు. షికాగోలో నెలల తరబడి జీతాలు అందక 1933 ఏప్రిల్‌లో టీచర్లు బ్యాంకుల మీదికి ఊరేగింపుగా వెళ్ళారు. చాలా పల్లెల్లో బడి నడిచే రోజులు తగ్గించేశారు.

ఇంకో చిక్కు కూడా ఉంది. పని దొరకని పద్దెనిమిదేళ్ళ కుర్రాడు ఫ్యాక్టరీకి పోలేక బడికే తిరిగి వచ్చాడు. అంటే డబ్బు తగ్గింది, హైస్కూల్లో పిల్లలు పెరిగారు. గదులు చాలలేదు. కప్పులు కారుతున్నా బాగుచేసే దిక్కు లేదు.

పీడబ్ల్యూఏ, డబ్ల్యూపీఏ, సీడబ్ల్యూఏ... ఇవన్నీ ఒకటేనా?

కాదు. ఈ అక్షరాల దగ్గర అందరూ తికమకపడతారు, కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను.

పీడబ్ల్యూఏ అంటే పబ్లిక్ వర్క్స్ అడ్మినిస్ట్రేషన్. 1933 జూన్‌లో 330 కోట్ల డాలర్లతో మొదలైంది. హెరాల్డ్ ఇకీస్ చూసుకునేవాడు. పైసా పైసాకీ లెక్క చూసే మనిషి. ఇది పెద్ద పెద్ద కట్టడాల కోసం. కాంట్రాక్టర్లకే పని ఇచ్చేది. ఊరు ప్లాను వేసుకుని వస్తే ఖర్చులో మొదట్లో 30 శాతం, తర్వాత 45 శాతం వరకు ఉచితంగా ఇచ్చేది. మిగతాది ఊరు అప్పు తెచ్చుకోవాలి. 1933 నుంచి 1939 మధ్య అమెరికాలో కట్టిన కొత్త విద్యా భవనాల్లో దాదాపు 70 శాతానికి పీడబ్ల్యూఏ డబ్బు అందింది.

సీడబ్ల్యూఏ అంటే సివిల్ వర్క్స్ అడ్మినిస్ట్రేషన్. ఇది ఒక్క చలికాలం కోసమే పుట్టింది. 1933 నవంబరులో మొదలై 1934 మార్చితో ముగిసింది. హ్యారీ హాప్కిన్స్ నడిపాడు. రెండు నెలలు తిరిగేసరికి 40 లక్షల మందికి పైగా పనిలో ఉన్నారు. ఆ కొద్ది కాలంలోనే సుమారు 40,000 బడులు కట్టారు, లేదా బాగుచేశారు.

డబ్ల్యూపీఏ అంటే వర్క్స్ ప్రోగ్రెస్ అడ్మినిస్ట్రేషన్. 1935 మే 6న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఉత్తర్వుతో మొదలైంది, దీన్నీ హాప్కిన్సే నడిపాడు. కాంట్రాక్టర్ లేడు, ప్రభుత్వమే నేరుగా కూలి ఇస్తుంది. మొదట చూసేది ఎంతమందికి పని దొరుకుతుందన్నదే. 1943లో మూసేసేనాటికి 85 లక్షల మంది ఇందులో పనిచేశారు. మన హైస్కూల్ గోడల మీది బొమ్మలకు కూలి కట్టింది డబ్ల్యూపీఏ.

అయితే ఇది మన ఉపాధి హామీ పథకం లాంటిదేనా?

పోలిక ఉంది, తేడా కూడా ఉంది. చేతిలో డబ్బు పెట్టి పంపేయకుండా పని ఇచ్చి కూలి ఇవ్వడం రెండిట్లోనూ ఒకటే. ఈ ఆలోచన మనవాళ్ళకి కొత్త కాదు. ‘కరువు పనులు’ అనే మాట మన తాతల నోట విన్నదే. 1877-78 కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకం అలా జరిగిందే.

2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన ఉపాధి హామీ వెనక చట్టం ఉంది. పని అడగడం పల్లె కుటుంబం హక్కు, మొదలైనప్పుడు ఏడాదికి వంద రోజులు. డబ్ల్యూపీఏ హక్కు కాదు. ఆ ఏడాది బడ్జెట్ ఎంతుంటే అంతమందికే పని. పేదరికం రుజువు చేసుకోవాలి, ఇంట్లో ఒక్కరికే ఇస్తారు. 1938 చివర్లో అత్యధికంగా 33 లక్షల మంది పనిలో ఉన్నారు. అప్పుడు కూడా బయట నిలబడ్డవాళ్ళు అంతకంటే ఎక్కువే. 1939లో ఇంకో నిబంధన వచ్చింది. పద్దెనిమిది నెలలు వరసగా పనిచేసినవాణ్ణి తీసేయాలి.

ఇంకో పెద్ద తేడా, డబ్ల్యూపీఏ మట్టిపని దగ్గర ఆగలేదు. నర్సుకి నర్సు పని, టీచరుకి టీచరు పని, నటుడికి నాటకం, చిత్రకారుడికి గోడ ఇచ్చింది. మనిషికి తెలిసిన పనే ఇవ్వాలన్నది హాప్కిన్స్ పట్టుదల. నాకు ఈ పథకం మీద గౌరవం కలిగింది ఇక్కడే.

పోలిక మరొకటి ఉంది, అది బాధ కలిగించేది. డబ్ల్యూపీఏ కూలీలు పార మీద ఆనుకుని నిలబడి కబుర్లు చెప్పుకుంటారని అప్పటి పత్రికల్లో కార్టూన్లు వచ్చేవి. ‘పని చేయకుండా డబ్బు తీసుకుంటున్నారు’ అన్నమాట మన ఊళ్ళలో ఉపాధి కూలీలు కూడా పడుతున్నదే. ఆ ‘సోమరులు’ కట్టిన గోడలు 90 ఏళ్ళయినా నిలబడే ఉన్నాయి.

బడుల్లో అసలు ఏయే పనులు చేశారు?

డబ్ల్యూపీఏ ఒక్కటే సుమారు 5,900 కొత్త బడి భవనాలు కట్టింది, 30,000కు పైగా పాతవాటిని బాగుచేసింది. కప్పులు మార్చడం, గార పూయడం, రంగులు వేయడం, జిమ్‌లు, ఆటస్థలాలు, స్టేడియం మెట్లు, ప్రహరీ గోడలు, కాలిబాటలు. ఆర్కన్సాలో లిటిల్‌రాక్ సెంట్రల్ హైస్కూల్ 1927లోనే కట్టిన పెద్ద భవనం. దాని వెనక స్టేడియం మాత్రం 1936లో డబ్ల్యూపీఏ కట్టింది. 1957లో తొమ్మిది మంది నల్లజాతి పిల్లలు సైనికుల కాపలా మధ్య అడుగుపెట్టిన బడి అదే.

పెద్దగా ఎవరూ చెప్పుకోని పని ఒకటుంది, మరుగుదొడ్లు. దేశమంతా కలిపి 23 లక్షల దొడ్లు కట్టారు. అవి పల్లె ఇళ్ళకూ బడులకూ వచ్చాక హుక్‌వర్మ్, టైఫాయిడ్ లాంటి జబ్బులను అదుపు చేయడం తేలికైంది. ఫొటోలు తీసుకునేది స్టేడియం ముందే గాని, పల్లెటూరి ఆడపిల్లకి స్టేడియం కంటే దొడ్డి ఎక్కువ మేలు చేసింది. ఈ మాట మన బడుల సంగతి తెలిసిన ఎవరికైనా వెంటనే అర్థమవుతుంది.

కట్టడాలే కాదు. డబ్ల్యూపీఏ ఆడవాళ్ళు బడి పిల్లలకి మధ్యాహ్నం వేడి భోజనం వండి పెట్టారు, చినిగిన లైబ్రరీ పుస్తకాలు కుట్టి అట్టలు వేశారు. పేద విద్యార్థి చదువు మానకుండా ఎన్‌వైఏ అనే యువజన పథకం బడిలోనే చిన్న పనులిచ్చి నెలకు 6 డాలర్ల వరకు ఇచ్చేది. చెప్పులకీ బస్సుకీ సరిపోయే డబ్బు అది. ఆ చెప్పులు లేకే చాలామంది బడి మానేశారు.

బొమ్మలు వేయడం కూడా ‘పని’ అంటే ఎలా? జనం ఆకలితో ఉంటే రంగులకి డబ్బా?

అప్పుడూ ఇదే అడిగారు. కళాకారులకీ అందరిలాగే తిండి కావాలి కదా అని హాప్కిన్స్ కటువుగానే జవాబు చెప్పాడు.

ముందు 1933 డిసెంబరు నుంచి కొన్ని నెలలు ఒక ప్రయోగం చేశారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో కోయిట్ టవర్ లోపలి గోడలన్నీ పాతిక మంది చిత్రకారులు నింపింది అప్పుడే. తర్వాత 1935 ఆగస్టులో డబ్ల్యూపీఏ కింద ఫెడరల్ ఆర్ట్ ప్రాజెక్ట్ వచ్చింది. ఎనిమిదేళ్ళలో సుమారు 2,500 గోడ చిత్రాలు, లక్షకు పైగా చిన్న చిత్రాలు తయారయ్యాయి. ఆసుపత్రులు, లైబ్రరీలతో పాటు బడుల గోడల మీద కూడా బొమ్మలు వెలిశాయి.

జీతాల విషయానికొస్తే, డబ్ల్యూపీఏ కూలి పనిని బట్టి, ప్రాంతాన్ని బట్టి మొదట్లో నెలకు 19 డాలర్ల నుంచి 94 డాలర్ల దాకా ఉండేది. దక్షిణాది పల్లెలో మట్టి మోసేవాడికి కింది అంకె, పెద్ద నగరంలో వృత్తి తెలిసినవాడికి పై అంకె. అది ఇల్లు గడవడానికి ఇచ్చిన డబ్బు. దాంతో ధనవంతుడైన చిత్రకారుడు ఎవడూ లేడు.

వాషింగ్టన్ హైస్కూల్లో ఏమేమి బొమ్మలున్నాయి?

ముఖద్వారం దాటగానే లాబీలో, మెట్ల పక్కన విక్టర్ ఆర్నటాఫ్ వేసిన ‘లైఫ్ ఆఫ్ వాషింగ్టన్’. మొత్తం 13 భాగాలు, 1,600 చదరపు అడుగులు, 1936లో పూర్తయింది. మన లెక్కలో చెప్పాలంటే పెద్ద మూడు బెడ్‌రూముల ఫ్లాటు నేలంత గోడ.

లైబ్రరీలో లూసియన్ లబోద్ వేసిన చిత్రం అచ్చు యంత్రం వచ్చాక చదువు ఎలా వ్యాపించిందో చెబుతుంది. అక్కడే రాల్ఫ్ స్టాక్‌పోల్ చిత్రం నాటి చదువుల గురించి, గోర్డన్ లాంగ్డన్ చిత్రం పాత కొత్త విజ్ఞానశాస్త్రాల గురించి. లబోద్‌ని మన దేశంతో కలిపే విషాదం ఒకటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో యుద్ధ చిత్రకారుడిగా చైనాకి బయల్దేరి, 1943 డిసెంబరులో అస్సాంలో విమానం కూలి చనిపోయాడు.

స్టేడియం గోడ మీద ఆటగాళ్ళ శిల్పాల వరుస ఉంది. సార్జెంట్ జాన్సన్ 1942లో పూర్తిచేశాడు. నల్లజాతి శిల్పులకి ఇంత పెద్ద బహిరంగ పనులు చాలా అరుదుగా దక్కిన రోజులవి.

విక్టర్ ఆర్నటాఫ్ ఎవరు?

1896లో జారు చక్రవర్తి కాలపు రష్యన్ సామ్రాజ్యంలో, ఇప్పటి ఉక్రెయిన్ ప్రాంతంలో పుట్టాడు. గుర్రపు దళంలో అధికారి. విప్లవం వచ్చినప్పుడు బోల్షెవిక్‌లకి ఎదురుగా నిలిచి ఓడిపోయిన సైన్యంలో ఉన్నాడు. చైనాకి పారిపోయి, 1925లో చిత్రకళ చదవడానికి శాన్‌ఫ్రాన్సిస్కో చేరాడు. 1929లో మెక్సికో వెళ్ళి గోడ చిత్రాల మహాచిత్రకారుడు డియెగో రివేరా దగ్గర సహాయకుడిగా రెండేళ్ళు పనిచేశాడు. కోయిట్ టవర్ పనిలో మిగతా చిత్రకారులకి సాంకేతిక విషయాల్లో దారి చూపింది ఆయనే.

ఒకప్పుడు ఎర్రసైన్యంతో పోరాడినవాడు 1930ల చివర్లో కమ్యూనిస్టు పార్టీలో చేరాడు. చాలాకాలం స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పాడు. 1955లో అప్పటి ఉపాధ్యక్షుడు నిక్సన్ మీద వ్యంగ్య చిత్రం వేసి కష్టాలు తెచ్చుకున్నాడు. భార్య పోయాక 1963లో సోవియట్ యూనియన్‌కి తిరిగి వెళ్ళిపోయి, 1979లో అక్కడే కన్నుమూశాడు.

ఇంత జీవితం ఎందుకు చెప్పానంటే, బడి గోడ మీద ఆయన ఏం వేశాడో, అలా ఎందుకు వేశాడో ఇది తెలిస్తేనే అందుతుంది.

ఈ బొమ్మలు రంగులు పూసినవేనా? ఇంతకాలం ఎలా నిలిచాయి?

పూసినవి కావు, గోడ పీల్చుకున్నవి. దీన్ని ఫ్రెస్కో అంటారు. తాపీ మేస్త్రీ ఆ రోజుకి సరిపడా జాగాలోనే సున్నపు గార వేస్తాడు. అది తడిగా ఉండగానే చిత్రకారుడు నీళ్ళలో కలిపిన రంగుతో గీయాలి. జిగురు ఏమీ ఉండదు. గార ఆరుతూ గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని మళ్ళీ సున్నపురాయిలా గట్టిపడుతుంది. రంగు ఆ రాతిలోనే బందీ అయిపోతుంది. తప్పు పోతే దిద్దడానికి లేదు. ఆ ముక్క చెక్కేసి మళ్ళీ గార వేసుకోవాలి.

కాబట్టి మేస్త్రీ, చిత్రకారుడు కలిసి ఒకరి వేగానికి ఒకరు నడవాల్సిన పని ఇది. పేరు ఆర్నటాఫ్‌కే వచ్చింది గాని, ఏ రోజుకి ఎంత గార కలపాలో తెలిసిన చెయ్యి లేకపోతే ఆ గోడ లేదు.

ఆ బొమ్మల్లో ఏముంది? అంత గొడవ ఎందుకైంది?

1930ల పాఠ్యపుస్తకాల్లో జార్జ్ వాషింగ్టన్ మచ్చలేని దేవుడు. ఆర్నటాఫ్ ఆ దేవుణ్ణి పక్కకి జరిపాడు. పెద్ద భాగాల్లో మధ్యస్థానం మామూలు మనుషులకిచ్చాడు. ఒక భాగంలో వాషింగ్టన్ సొంత ఎస్టేట్ మౌంట్ వెర్నన్. అక్కడ చాకిరీ చేస్తున్నది నల్లజాతి బానిసలు. స్వేచ్ఛ కోసం యుద్ధం చేసిన నాయకుడి ఇల్లు బానిసల చెమట మీద నడిచిందని పిల్లలు రోజూ నడిచే దారిలో గోడ మీద రాసినట్టే. అది కల్పన కాదు. 1799లో వాషింగ్టన్ చనిపోయేనాటికి మౌంట్ వెర్నన్‌లో 317 మంది బానిసలున్నారు.

ఇంకో భాగంలో వాషింగ్టన్ పడమటి వైపు చెయ్యి చూపిస్తున్నాడు. తుపాకులు పట్టుకున్న తెల్లవాళ్ళు బూడిద రంగులో, ప్రాణం లేని నీడల్లా ముందుకు నడుస్తున్నారు. వాళ్ళ కాళ్ళ దగ్గర ఒక ఆదివాసీ శవం. దేశం పడమటికి ఎలా విస్తరించిందో అందులో దాపరికం లేకుండా చెప్పేశాడు.

1936లో ఒక ప్రభుత్వ పథకం డబ్బుతో, ప్రభుత్వ బడిలో ఈ బొమ్మ వేయడానికి చాలా ధైర్యం కావాలి. అయితే చిత్రకారుడి ఉద్దేశం ఎంత మంచిదైనా, ఆ శవం బొమ్మ కింద నుంచి రోజూ క్లాసుకి నడిచేది ఆదివాసీ పిల్ల అయితే?  పిల్లలు ఆ చోటుని ‘చచ్చిన ఇండియన్ దగ్గర కలుద్దాం’ అని గుర్తు చెప్పుకునేవారన్న మాట కూడా ఈ వాదనలో వినిపించింది. ఆ బాధ నిజమైనది. దాన్ని ‘కళ అర్థం కాకపోవడం’ అని కొట్టిపారేసేవాళ్ళతో నేను ఏకీభవించను.

ఈ అభ్యంతరం ఇప్పటిదేనా?

కాదు. 1960ల చివర్లోనే నల్లజాతి విద్యార్థులు లేచారు. గోడ మీద తమవాళ్ళు బానిసలుగా మాత్రమే ఉన్నారని, అది తమ చరిత్ర మొత్తం కాదని అన్నారు. చాలా చర్చల తర్వాత పాత బొమ్మ ఉంచి, దానికి జవాబుగా కొత్త బొమ్మలు వేయించాలని తేలింది. ఆ పని డ్యూయీ క్రంప్లర్ అనే నల్లజాతి యువకుడికి వచ్చింది. ఒప్పుకునేటప్పటికి ఇరవై ఏళ్ళు కూడా నిండలేదు. మెక్సికో వెళ్ళి గోడ చిత్రాల పద్ధతులు చూసి వచ్చి, 1974లో పూర్తిచేశాడు. నల్లజాతివాళ్ళు, ఆసియావాళ్ళు, ఆదివాసీలు, లాటిన్ అమెరికన్లు తల ఎత్తుకుని నిలబడ్డ బొమ్మలవి.

ఈ మొత్తం కథలో నాకు అన్నిటికంటే నచ్చిన ఘట్టం ఇదే. పిల్లలు అడిగారు, పెద్దలు విన్నారు. ఒక బొమ్మకి ఇంకో బొమ్మ జవాబిచ్చింది.

మరి 2019లో ఏం జరిగింది?

2019 జూన్‌లో నగర స్కూలు బోర్డు ఆర్నటాఫ్ బొమ్మల మీద రంగు వేసి కప్పేయాలని ఏకగ్రీవంగా నిర్ణయించింది. ఖర్చు ఆరు లక్షల డాలర్లకు పైనే అని అంచనా. దేశమంతా చర్చ మొదలైంది. కళాచరిత్రకారులు వద్దన్నారు. డానీ గ్లోవర్ వద్దన్నాడు. జవాబు బొమ్మ వేసిన క్రంప్లర్ కూడా వద్దన్నాడు. తన బొమ్మ, ఆర్నటాఫ్ బొమ్మ ఒకదానికొకటి అర్థాన్ని ఇస్తాయని, దాన్ని చెరిపితే తనదీ చెరిపినట్టేనని చెప్పాడు.

ఆగస్టులో బోర్డు కొంచెం వెనక్కి తగ్గింది. రంగు వేయకుండా పలకలతో మూసేయాలని 4-3 ఓట్లతో తీర్మానించింది. పూర్వ విద్యార్థుల సంఘం కోర్టుకెళ్ళింది. 2021 జూలైలో తీర్పు వచ్చింది. కాలిఫోర్నియా పర్యావరణ చట్టం ప్రకారం చారిత్రక సంపదకి జరిగే నష్టాన్ని ముందు పరిశీలించాలి, బోర్డు ఆ పని చేయకుండానే నిర్ణయించేసింది కాబట్టి చెల్లదన్నారు జడ్జి. తర్వాత వేరే కారణాలు కూడా కలిసి 2022 ఫిబ్రవరిలో ముగ్గురు బోర్డు సభ్యులను ఓటర్లు పదవి నుంచి దింపేశారు. అదే ఏడాది జూన్‌లో కొత్త బోర్డు పాత తీర్మానాన్ని రద్దు చేసింది. ఈసారి కూడా 4-3 తేడాతోనే.

గోడ నుంచి ఊడదీసి మ్యూజియంలో పెట్టేస్తే ఎవరికీ ఇబ్బంది ఉండదు కదా?

పైన చెప్పినట్టు రంగు గారలోనే ఉంది. పై పొరని ఒలిచే పద్ధతులు లేకపోలేదు గాని, 1,600 చదరపు అడుగులు, అదీ మెట్ల పక్కన మలుపులతో, చాలా ఖర్చు, చాలా ప్రమాదం. పైగా అది బడి కోసం, ఆ లాబీ వెలుతురు కోసం వేసిన బొమ్మ.

మీరైతే ఏమంటారు? ఉంచాలా, మూసేయాలా?

ఉంచాలి. ఉంచి ఊరుకోకూడదు. బడిలో చేరిన ప్రతి పిల్లకీ మొదటి వారంలోనే ఎవరైనా ఆ గోడ ముందు నిలబెట్టి, ఈ మనిషి ఎందుకు పడి ఉన్నాడో, వీళ్ళెందుకు బూడిద రంగులో ఉన్నారో, ఆ పక్కన క్రంప్లర్ బొమ్మ ఎందుకు వచ్చిందో చెప్పాలి. చెప్పేవాళ్ళు లేకపోతే అది రోజూ గుచ్చుకునే బొమ్మే. ఆదివాసీ విద్యార్థులు, తల్లిదండ్రులు చెప్పిన మాటని పక్కన పెట్టి, కోర్టులో గెలిచాం కదా అని సరిపెట్టుకోవడం న్యాయం కాదు.

ఈ పథకాల మేలు అందరికీ సమానంగా అందిందా?

లేదు. నియమాల్లో జాతి వివక్ష కూడదని రాశారు. కానీ దక్షిణాది రాష్ట్రాల్లో పని పంచేది స్థానిక అధికారులే. నల్లజాతివాళ్ళకి తక్కువ కూలి ఇచ్చేవారు, పత్తి ఏరే రోజులొస్తే పేర్లు కొట్టేసి పొలాలకి తోలేవారు. అక్కడి బడులు కూడా వేర్వేరే కాబట్టి, పెద్ద ఖర్చు తెల్లవాళ్ళ బడులకే పోయింది. ఇంట్లో ఒక్కరికే పని అన్న నిబంధన వల్ల ఆడవాళ్ళు బాగా నష్టపోయారు. మొత్తం పనివాళ్ళలో వాళ్ళు 13 శాతం చుట్టూ మాత్రమే ఉండేవారు.

ఉత్తరాది నగరాల్లో పరిస్థితి కాస్త నయం. అందుకే ఎన్ని లోపాలున్నా నల్లజాతి కుటుంబాలు ఎన్నో డబ్ల్యూపీఏ కూలి మీద ఆ దశాబ్దం దాటాయి.

కాలిఫోర్నియాలో ఆ కాలపు బడులన్నీ ఒకేలా దృఢంగా కనిపిస్తాయి. కారణం ఉందా?

ఉంది, భూకంపం. 1933 మార్చి 10న సాయంత్రం 5 గంటల 54 నిమిషాలకి లాంగ్‌బీచ్ దగ్గర భూమి కంపించింది. 70 బడులు కూలిపోయాయి, మరో 120 బాగా దెబ్బతిన్నాయి. కొన్ని గంటల ముందు వచ్చి ఉంటే ఎంతమంది పిల్లలు పోయేవారో తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది. సరిగ్గా నెల తిరిగేసరికి, ఏప్రిల్ 10న, ఫీల్డ్ చట్టం వచ్చింది. బడి భవనం ప్లానుని రాష్ట్రం పరిశీలించాలి, కట్టేటప్పుడు నిలబడి తనిఖీ చేయాలి. పల్చటి సిమెంటుతో పేర్చిన ఇటుక బడుల కాలం దాంతో పోయింది. కొత్త నియమాలకి డబ్బు లేదని ఊళ్ళు చేతులెత్తేసిన సమయంలో ఫెడరల్ నిధులు అందాయి. చట్టం, డబ్బు, పని కావలసిన చేతులు మూడూ ఒకేసారి కలిసొచ్చాయి.

ఈ బొమ్మలు వెళ్ళి చూడొచ్చా?

ఇది మ్యూజియం కాదు, రోజూ పిల్లలు చదువుకునే బడి. ముందుగా బడివాళ్ళ అనుమతి తీసుకోకుండా లోపలికి వెళ్ళకండి. అంతవరకూ ఆగలేకపోతే ఊళ్ళోనే వేరే చోట్లున్నాయి. ఆర్నటాఫ్ వేసిన నగర వీధి దృశ్యం కోయిట్ టవర్ కింది అంతస్తులో ఉంది. గోల్డెన్ గేట్ పార్కు చివర, సముద్రం ఒడ్డున బీచ్ షాలే అనే భవనంలో లబోద్ డబ్ల్యూపీఏ కాలంలో వేసిన చిత్రాలున్నాయి. పిల్లల్ని తీసుకెళ్ళడానికి మంచి చోటు.

మా పిల్లలు చదివే అమెరికా బడి కూడా ఆ కాలంలో బాగుచేసిందేమో ఎలా తెలుస్తుంది?

ముఖద్వారం పక్క గోడ చూడండి. పీడబ్ల్యూఏ డబ్బుతో కట్టిన భవనాలకి తరచుగా కంచు పలక ఉంటుంది. దాని మీద అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ పేరు, ఇకీస్ పేరు, సంవత్సరం ఉంటాయి. డబ్ల్యూపీఏ పలక చిన్నది, చాలాచోట్ల ఊడిపోయింది. స్కూలు డిస్ట్రిక్ట్ ఆఫీసులో పాత బోర్డు మీటింగుల మినిట్స్ అడిగితే చూపిస్తారు. 1933 నుంచి 1942 మధ్య సంవత్సరాలు తిరగేయండి. ఊరి లైబ్రరీలో పాత పత్రికలు కూడా దొరుకుతాయి.

ఇవేవీ దొరక్కపోతే బడి ముందు కాలిబాట మీద నడుస్తూ కిందికి చూడండి. తడి సిమెంటు మీద డబ్ల్యూపీఏ (WPA) అనే మూడు ఇంగ్లీషు అక్షరాలు, పక్కన 1938 అనో 1940 అనో అచ్చు గుద్ది ఉంటే, మీ పిల్లలు రోజూ తొక్కుకుంటూ వెళ్ళేది ఆ కూలీలు పోసిన బాటే.